పాత మోటారు బండి: అసలు ఎంత? మార్పు ఎంత?

తెనాలి నుండి రేపల్లె పోయే రైలు మార్గంలో భట్టిప్రోలు ఒక స్టేషను. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు రాతి కరండాలు బయల్పడినవి. వాటిమీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాల రూపాన్ని బట్టి అవి క్రీస్తుకు పూర్వపువని పండితులు నిర్ణయించినారు. అనగా కరండం తన వయస్సును తన ఒంటిమీదనే వ్రాసుకొని ఉన్నది. స్తూపానికి అంతటి అదృష్టం పట్టలేదు. 19వ శతాబ్దంలో దాని ఇటుకలను, రాళ్లను రోడ్డు పనులకు, కాలువ తూము కట్టడానికి మోసుకొని పోయినారు. ఇటుక రోడ్డులో కలిసిన తరువాత దానిని చూచి ఇది ఫలానా స్తూపంలోనిది అని ఎవరు చెప్పగలరు?

మోటారు వాహనాల చరిత్రలోనూ సరిగా ఇవే రెండు చిక్కులు కలవు. మొదటిది, పాత బండ్లు మిగలకపోవటం. రెండవది, మిగిలిన బండిలో పాతది ఎంత, తరువాత చేర్చినది ఎంత అని తేల్చుకోలేకపోవటం. స్తూపానికి రెండువేల ఏండ్లలో జరిగినది మోటారు బండికి ఇరవై ముప్పై ఏండ్లలోనే జరిగిపోతుంది. పైగా కొన్ని బండ్లను మొదటినుండి మార్చటం కొరకే కొన్నారు. మార్పే వాటి చరిత్ర. అటువంటి బండిని ‘అసలుది’ అనటానికి అర్థమేమిటి? ఈ ప్రశ్న అమెరికాలో ఒక రూపంలో పుట్టినది. మన కృష్ణా డెల్టాలో మరొక రూపంలో ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

వేగం కొరకు మార్చిన బండ్లు

హెన్రీ ఫోర్డు 1908 నుండి 1927 వరకు ‘మోడల్ టి’ అనే కారును కోటిన్నరకు పైగా తయారుచేసినాడు. దాని యంత్రానికి 20 అశ్వసామర్థ్యం మాత్రమే. తరువాత వచ్చిన ‘మోడల్ ఎ’కు 40. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల యంత్రాన్ని సామాన్యుడు కొనగలిగే కారులో పెట్టినది. సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలలో, వి అక్షరం ఆకారంలో ఉంటవి. దీని ఘనపరిమాణం 3.6 లీటర్లు; శక్తి 65 అశ్వసామర్థ్యం. ఆనాటికి అది సామాన్యమైన విషయం కాదు.

దక్షిణ కాలిఫోర్నియాలోని కుర్రకారు చేతికి ఈ బండ్లు పాతబడిన తరువాత తక్కువ ధరకు వచ్చినవి. వారు మడ్గార్డులు ఊడదీసినారు, పై కప్పు తీసివేసినారు, బరువు తగ్గించగలిగినంత తగ్గించినారు. పాత బండిలో కొత్త వి-8 యంత్రం బిగించినారు. మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల నేలమీద వాటిని పరుగెత్తించి కాలం లెక్కకట్టినారు. ఈ పోటీలను క్రమపరచటానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది. యుద్ధం ముగిసిన తరువాత, 1948 జనవరిలో, ఈ బండ్లకొక మాసపత్రిక కూడా వచ్చినది. 1949 నుండి యూటాలోని బానవిల్ ఉప్పు మైదానాలలో పోటీలు మొదలైనవి. ఈ బండ్లనే ‘హాట్ రాడ్’ అన్నారు.

దీని వెనుక ఉన్న సూత్రం మన ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. బలం అంతే ఉండి ద్రవ్యరాశి తగ్గితే త్వరణం పెరుగుతుంది. అందుకే బరువు తీసివేయటం. రెండవ ఉపాయం యంత్రంలో ఉన్నది. సిలిండరుపై బిగించే మూతను మెకానిక్కులు ‘హెడ్డు’ అంటారు. దాని అడుగుభాగాన్ని కొద్దిగా చెక్కివేస్తే ఇంధనపు ఆవిరి, గాలి నొక్కుకొనే చోటు చిన్నదవుతుంది. సంపీడన నిష్పత్తి పెరుగుతుంది. ఆటో చక్రం సిద్ధాంతం ప్రకారం సంపీడన నిష్పత్తి 5 అయినపుడు ఇంధనపు ఉష్ణంలో నూటికి సుమారు 47 వంతులు పనిగా మారగలదు. నిష్పత్తి 7 అయితే 54 వంతులు. ఘర్షణ, ఉష్ణనష్టం వలన నిజమైన యంత్రంలో ఇంత రాకపోయినా, పెరిగే దామాషా దాదాపు అదే. కొద్దిగా ఇనుము చెక్కివేసి శక్తిని సంపాదించటం ఇదే.

ఈ హెడ్డు చెక్కే పనిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరొక అవసరం కొరకు ఇదే పని మన దేశంలోనూ జరిగినది.

మన దేశపు మార్పు: బొగ్గు బస్సు

కృష్ణపై విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తి అయినది మొదలు డెల్టాలో ప్రయాణానికి, సరుకుకు పడవే ఆధారం. తెనాలి ఊరి నడుమనే కాలువలు పారుతున్నవి. 1916లో రైలు రేపల్లె దాకా వచ్చినది. నల్లరేగడి నేలలో వానాకాలం బండి దిగబడుతుంది కనుక రోడ్లు ఆలస్యంగా బాగుపడినవి. అనేకం కాలువ గట్లమీదనే సాగినవి. మోటారు బస్సు ఈ గట్లమీదికి వచ్చినది.

ఆ బస్సు ఎలా తయారయ్యేది? ఫోర్డు కంపెనీ భారతదేశపు శాఖ 1926 నుండి, జనరల్ మోటార్సు శాఖ 1928 నుండి ఇక్కడే బండ్లు కూర్చటం ప్రారంభించినవి. ఫోర్డు బండ్ల భాగాలు కెనడా నుండి వచ్చేవి. అక్కడ మన పద్ధతిలో కుడివైపు చుక్కాని చక్రం గలవి తయారయ్యేవి. బస్సు అయితే కంపెనీ ఇచ్చేది యంత్రం, చక్రాలు గల ఛాసిస్ మాత్రమే. పైన కట్టే చెక్క గూడు, రేకు, బల్లలు అన్నీ ఇక్కడి వడ్రంగి, కమ్మరి పని. కావున మన పాత బస్సులలో ‘కంపెనీ అసలు బాడీ’ అనేది మొదటే లేదు. అది పుట్టుకతోనే సగం విదేశీ, సగం స్వదేశీ. ఈ సంగతి మరచినవాడు మన బండ్ల చరిత్రను అర్థం చేసికొనలేడు.

రెండవ ప్రపంచయుద్ధం రావటంతో పెట్రోలు కరువైనది. 1941లో పెట్రోలు రేషను పెట్టినారు. బస్సు ఆగిపోకుండా ఉండటానికి ఒకటే దారి దొరికినది: పెట్రోలుకు బదులు కట్టెబొగ్గుతో నడపటం. బస్సు వెనుక ఒక నిలువు పొయ్యిని బిగించేవారు. అందులో బొగ్గు నింపి, గాలి చక్రాన్ని చేతితో తిప్పి, నిప్పు రాజేసి, గ్యాసు సరిగా వచ్చినదాకా వేచి ఉండి, అపుడు యంత్రాన్ని కదిలించేవారు. మన పెద్దవారు ‘బొగ్గు బస్సు’ అని చెప్పుకొన్నది దీనినే.

పొయ్యిలో జరిగే రసాయనం

పొయ్యి అడుగున బొగ్గు గాలిలోని ఆమ్లజనితో కలిసి మండి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. విశేషమైన వేడి పుడుతుంది. ఈ వాయువు పైనున్న ఎర్రని బొగ్గు గుండా పోతూ మరికొంత కర్బనాన్ని తీసికొని కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఈ రెండవ మార్పు వేడిని మ్రింగుతుంది. అందుకే బొగ్గు ఎర్రగా కాలుతూనే ఉండవలెను. తడిగాని, చల్లిన నీటి ఆవిరిగాని ఉంటే అది బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడును, ఉదజనిని ఇస్తుంది. ఈ రెండూ మండే వాయువులు. కాని పొయ్యిలోనికి పోయినది గాలి కనుక, వచ్చే గ్యాసులో సగమో, అంతకు ఎక్కువో మండని నత్రజనియే.

ఫలితం ఏమిటి? పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం ఒక ఘనమీటరు మండితే సుమారు 3.8 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. బొగ్గు గ్యాసు, గాలి కలిసిన మిశ్రమంలో అది సుమారు 2.5 మాత్రమే. గ్యాసు వేడిగా, తేలికగా సిలిండరులో చేరటం వంటి ఇతర నష్టాలతో కలిపి యంత్రం శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. కొండదారిలో ఇది పెద్ద ఇబ్బంది. బల్లపరుపుగా ఉండే డెల్టాలో అంత ఇబ్బంది లేదు. వంతెన ఎక్కేటపుడు మాత్రం ప్రయాణికులకు బస్సు ఆయాసం తెలిసివచ్చేది.

ఈ నష్టాన్ని కొంతైనా పూడ్చటం ఎలా? బొగ్గు గ్యాసుకు ఒక మంచి గుణం కలదు. ఆనాటి పెట్రోలు ఎక్కువ సంపీడనాన్ని ఓర్చుకొనలేదు; సమయానికి ముందే అంటుకొని యంత్రం ‘టక టక’ కొట్టేది. గ్యాసు ఎక్కువ సంపీడనాన్ని ఓర్చుకొంటుంది. కావున హెడ్డును చెక్కి సంపీడన నిష్పత్తిని పెంచటం గ్యాసు బండ్లకు సిఫారసు చేసిన ఉపాయాలలో ఒకటి. కాలిఫోర్నియా కుర్రవాడు అందరికంటె వేగంగా పోవాలని చేసిన పని ఇదే. ఇక్కడి మెకానిక్కు బస్సు ఆగిపోకూడదని చేసినాడు. సూత్రం ఒకటే, చేతిపని ఒకటే, అవసరాలు వేరు.

దీనిలో అపాయమూ కలదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆమ్లజనికంటె దీనిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మూసిన షెడ్డులో పొయ్యి రాజేసిన పనివాడు తెలియకుండానే స్పృహ తప్పే ప్రమాదం ఉండేది. బూడిద, దుమ్ము వడపోయకపోతే సిలిండరు అరిగిపోయేది. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే యజమానులు ఈ పొయ్యిలను సంతోషంగా ఊడదీసి పారవేసినారంటే ఆశ్చర్యం లేదు.

మార్పు అంతటితో ఆగలేదు. స్వాతంత్ర్యం తరువాత దేశీయ పరిశ్రమను పెంచే విధానం వచ్చినది. 1954 నాటికి జనరల్ మోటార్సు, ఫోర్డు కంపెనీలు రెండూ మన దేశంలో బండ్లు కూర్చటం మానివేసినవి. విదేశపు బండికి విడిభాగాలు దొరకటం కష్టమైనది. ఒక బండిని విప్పి మరొక బండిని నడిపించవలసి వచ్చినది. పెట్రోలుకంటె డీజిలు చౌక కావటం వలన పెట్రోలు జీపులలో, కార్లలో డీజిలు యంత్రాలు బిగించటం దేశమంతటా వాడుకైనది. అమెరికాలో మార్పుకు ప్రేరణ వేగమైతే, మన దేశంలో ప్రేరణ పొదుపు.

ఎందుకు మిగలలేదు?

అమెరికాలో కోటిన్నర ‘మోడల్ టి’ కార్లు తయారైనా, యుద్ధానికి పూర్వం మార్చిన అసలైన హాట్ రాడ్లు ఈనాడు అరుదు. కారణాలు మూడు. 1942 నుండి యుద్ధసామగ్రి కొరకు పాత ఇనుమును దేశవ్యాప్తంగా సేకరించినారు. రెండవది, ఈ బండ్ల యజమానులు ఏ మార్పుతోనూ తృప్తిపడేవారు కారు. 1940లో చేసిన మార్పును 1950లో మరొక మార్పు తుడిచివేసేది. మూడవది, అవి విలువైనవని ఆనాడు ఎవరూ తలచలేదు.

మన డెల్టాలో ఈ మూడింటికి మరొకటి తోడైనది: గాలి. బాపట్లకు సూర్యలంక సముద్రతీరం కూతవేటు దూరం. రేపల్లె ప్రాంతం కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఇనుము తుప్పు పట్టటానికి నీరు, ఆమ్లజని రెండూ కావలెను. గాలిలో తేమ నూటికి 60-70 వంతులు దాటినపుడు తుప్పు వేగం బాగా పెరుగుతుంది. ఉప్పు కణాలు తేమను పీల్చి ఇనుముమీద పలుచని ఉప్పునీటి పొరను నిలుపుతవి. ఆ పొర విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక తుప్పు మరింత చురుకుగా సాగుతుంది. 1977 నవంబరు 19 నాటి తుపానులో దివిసీమతోపాటు ఈ తీరప్రాంతం కూడా దెబ్బతిన్నది. వేలాది మనుషులు పోయిన చోట బండ్లను గురించి ఎవరు విచారిస్తారు? కాని ఉప్పునీరు నిలిచిన షెడ్డులో ఇనుప సామాను గతి ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

తుప్పుకు చిక్కనిది పాత ఇనుప కొట్టుకు చేరుతుంది. అక్కడినుండి కొలిమికి. కొలిమిలో కరిగిన ఇనుముకు గతజన్మ జ్ఞాపకం ఉండదు. తెనాలిలో మాత్రం పాత ఇనుముకు మరొక దారి ఏర్పడినది. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు, పళ్లచక్రాలు, గొలుసులు మొదలైన పాత మోటారు సామానును అతికి విగ్రహాలు చేస్తున్నారు. సుమారు 75 వేల నట్లతో వారు చేసిన 10 అడుగుల గాంధీ విగ్రహం పేరు పొందినది. ఇక్కడ భాగం కరగలేదు, రూపం పోలేదు. కాని అది ఏ బండిలోనిదో చెప్పే ఆధారం మాత్రం పోయినది. భట్టిప్రోలు ఇటుక వంటిదే ఇది. కళాకారుని తప్పు ఇందులో ఏమీ లేదు. అతని చేతికి వచ్చేసరికే అది పేరులేని ఇనుము.

బహు కొద్ది వాహనాలు మాత్రం పేరుతో సహా నిలిచినవి. హైదరాబాదు నిజాం కొరకు 1912లో బార్కర్ కంపెనీ బాడీ కట్టిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు నేడు చౌమహల్లా రాజభవనంలో ఉన్నది. ఉత్సవాలకు తప్ప బయటికి రాలేదు కనుక అది కొద్ది వందల మైళ్లకంటె ఎక్కువ నడవలేదు. 1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ‘డెక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదులో భద్రంగా ఉన్నది. రాజుగారి కారు నిలిచినది, ప్రభుత్వపు బస్సు నిలిచినది. రైతును సంతకు చేర్చిన ప్రైవేటు బస్సుకు కాపలా ఎవరు?

అసలును గుర్తించే విధాలు

అరుదైన వస్తువుకు ధర పెరుగుతుంది. ధర పెరిగితే నకలు పుడుతుంది. అమెరికాలో పాత ఫోర్డు బాడీలను ఫైబర్ గ్లాసుతోను, ఉక్కుతోను కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. కొత్తదని చెప్పి అమ్మితే అది నిజాయితీ గల వ్యాపారమే. పాత నంబరు చెక్కి పాతదని అమ్మితే మోసం. దీనిని పట్టటానికి విజ్ఞానశాస్త్రం కొన్ని సాధనాలను ఇచ్చినది.

మొదటి సాధనం నంబరు. ఛాసిస్ మీద అంకెలను ఉక్కు అచ్చుతో బలంగా కొట్టుతారు. అపుడు గుంట క్రింద ఉన్న లోహపు స్ఫటికాలు కూడా నలిగి వంకరపోతవి. ఆకురాయితో అంకెను పూర్తిగా అరగదీసినా క్రింది నలుగుడు కొంత లోతువరకు మిగిలే ఉంటుంది. ఆ చోటును నునుపుచేసి, క్యూప్రిక్ క్లోరైడు కలిపిన హైడ్రోక్లోరికామ్లం పూస్తే నలిగిన లోహం, నలగని లోహం వేరువేరు వేగాలతో కరుగుతవి. మాయమైన అంకె నీడవలె తిరిగి కనిపిస్తుంది. దొంగబండ్ల కేసులలో నేర పరిశోధనశాలలు వాడే పద్ధతి ఇదే.

రెండవ సాధనం మర. విట్వర్త్ 1841లో ప్రతిపాదించిన బ్రిటిష్ మర కోణం 55 డిగ్రీలు. అమెరికా మర కోణం 60 డిగ్రీలు. 1948లో అమెరికా, బ్రిటను, కెనడాలు ఒకే 60 డిగ్రీల మరకు ఒప్పుకొన్నవి. తరువాత మన దేశంలో మెట్రిక్ మర వ్యాపించినది. కావున 1935 నాటి బ్రిటిష్ బండిలో మెట్రిక్ బోల్టు కనిపిస్తే అది తరువాత బిగించినది కావచ్చు. నాలుగు పలకల గుంట గల ఫిలిప్స్ మరమేకు మోటారు పరిశ్రమలో 1936లో కాడిలాక్ కార్లతో వచ్చినది. 1930 నాటి బండి తలుపుకు అది ఉంటే తలుపును ఎవరో విప్పినారన్నమాట. పాత రెంచీల పెట్టె గల మెకానిక్కు, ప్రయోగశాల లేకుండానే, ఈ పరీక్షను నిమిషంలో చేయగలడు.

మూడవది అతుకు. గ్యాసు వెల్డింగు అతుకు, ఎలక్ట్రిక్ ఆర్కు అతుకు, 1948 తరువాత వచ్చిన తీగ వెల్డింగు అతుకు—ఈ మూడింటి ఆకారాలు, చుట్టూ వేడి తగిలిన మేర వేరువేరుగా ఉంటవి. నొక్కులు పూడ్చటానికి పూర్వం సీసం, తగరం కలిపిన మిశ్రమలోహం కరిగించి పూసేవారు. తరువాత పాలియెస్టరు లప్పం వచ్చినది. అయస్కాంతం పెట్టి చూస్తే రేకు ఎక్కడ ఉన్నది, లప్పం ఎక్కడ దట్టంగా ఉన్నది సులభంగా తెలుస్తుంది.

నాల్గవది రంగు. చెట్టుకాండంలో వలయాలవలె బండిమీద రంగుపొరలు ఒకదానిమీద ఒకటి ఉంటవి. చిన్న పెచ్చును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ వరుస తెలుస్తుంది. సెల్యులోజు నైట్రేటుతో చేసిన త్వరగా ఆరే రంగులు కార్లకు 1923-24లో వచ్చినవి. టైటానియం తెలుపులో ఒక రూపం 1920 ప్రాంతంలో, రూటైల్ అనే రెండవ రూపం 1940 ప్రాంతంలో వాడుకలోనికి వచ్చినవి. అన్నిటికంటె అడుగు పొరలో రూటైల్ కనిపిస్తే ఆ రేకు 1930 నాటి రంగుతో రాలేదని చెప్పవచ్చు.

ఐదవ సాధనం అణుయుగం ఇచ్చినది. 1950-1963 మధ్య వాతావరణంలో జరిపిన బాంబు పరీక్షల వలన గాలిలో కర్బనం-14 దాదాపు రెట్టింపు అయినది. ఆ తరువాత పెరిగిన ప్రత్తిలో, మేసిన పశువు తోలులో ఆ అదనపు కర్బనం ఉంటుంది. కావున సీటు గుడ్డ 1930 నాటిదా, 1970 నాటిదా అని కొలిచి చెప్పవచ్చు. పెట్రోలియం నుండి చేసిన కృత్రిమ వస్తువులకు ఇది పనికిరాదు. వాటిలోని కర్బనం లక్షల ఏండ్లు పాతబడినది కనుక కర్బనం-14 మిగలదు.

నాగసేనుని రథం

ఈ పరీక్షలన్నీ ఒక్కొక్క భాగం వయస్సు చెప్పగలవు. బండి వయస్సు చెప్పగలవా? ఈ ప్రశ్నను మన దేశంలో రెండువేల ఏండ్ల క్రిందటనే వేసినారు. ‘మిలిందపన్హ’ అనే పాలీ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిలిందరాజు ఎక్కివచ్చిన రథాన్ని గురించి ప్రశ్నిస్తాడు: ఇరుసు రథమా? చక్రం రథమా? నొగ రథమా? విడివిడిగా ఏదీ రథం కాదు. వాటి కూర్పును బట్టి రథమనే పేరు వాడుతున్నాము.

1990లో లండను హైకోర్టు ముందుకు దాదాపు ఇదే ప్రశ్న వచ్చినది. 1929, 1930 సంవత్సరాలలో ఫ్రాన్సులోని ల మాన్ పందెం గెలిచిన బెంట్లీ కారు, ‘ఓల్డ్ నంబర్ వన్’, కోటి పౌండ్లకు అమ్ముడు కావలసి ఉన్నది. కొనేవారు అది అసలు కారు కాదన్నారు. నిజమే, 1932లో ప్రమాదానికి గురైన ఆ కారులో యంత్రం, చట్రం, బాడీ క్రమంగా మారిపోయినవి. 1929 నాటి భాగాలు మిగిలినవి స్వల్పం. అయినా న్యాయమూర్తి ఆటన్ దాని పేరు దానికే చెందుతుందని తీర్పు చెప్పినారు. అది ఏనాడూ విడివిడి భాగాలుగా చెదిరిపోలేదు; ప్రతి మార్పు వెనుకటి బండిమీదనే జరిగినది; ఆ చరిత్ర తెగని గొలుసువలె ఉన్నది.

దీనినుండి మనకొక కొలబద్ద దొరుకుతుంది. మార్చిన బండిని అసలుది అనటానికి అది ఫ్యాక్టరీ నుండి వచ్చినట్లే ఉండనక్కరలేదు. ఆ మార్పు ఆ కాలంలో, ఆ కాలపు పనిముట్లతో, ఆ కాలపు అవసరం కొరకు జరిగినదై ఉండవలెను. దానికి ఆధారం ఉండవలెను. 1997లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పాతకార్ల ప్రదర్శనలో హాట్ రాడ్లకు మొదటిసారి ఒక తరగతి కేటాయించినపుడు అమెరికా ఈ సంగతిని అంగీకరించినట్లయినది.

చట్టం ఏమంటుంది?

మన చట్టం ఇంకా అంతదూరం రాలేదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ‘వింటేజి’ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన, సొంత వాడకపు ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు దీనిలోనికి వస్తవి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేండ్ల తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. నంబరులో ‘వి.ఏ.’ అనే అక్షరాలు ఉంటవి. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, పాతకార్ల ర్యాలీకి తప్ప రోడ్డుమీద నిత్యం నడపరాదు. ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, యంత్రంలోగాని మార్పు లేక బండి మొదటి రూపంలోనే ఉండవలెను.

ఇక 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశానికి భిన్నంగా బండిని మార్చటం నిషిద్ధం. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనిని గట్టిగా సమర్థించినది. ప్రజల భద్రత దృష్ట్యా ఇది సబబే. కొత్త బండిని ఇష్టం వచ్చినట్లు కోసి రోడ్డుమీద నడపటాన్ని ఎవరూ మెచ్చుకొనరు. కాని ఈ నియమాలన్నిటినీ కలిపి చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. రాజుగారి మార్పులేని కారుకు గౌరవం దక్కుతుంది. 1965లోనో 1970లోనో డీజిలు యంత్రం బిగించి ఒక కుటుంబాన్ని పోషించిన జీపుకు ఆ పేరు దక్కదు. బస్సు ఆ తరగతిలోనికే రాదు. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు, రవాణా సంస్థల బస్సులు రిజిస్ట్రేషను కోల్పోయి తుక్కుకు పోవలసినదే. పొగ తగ్గటానికి అది అవసరమే. అయితే తుక్కుకు పోయేలోపల చరిత్రను ఎవరైనా వ్రాసికొన్నారా అన్నది మన ప్రశ్న.

చేయగల పని

బండ్లన్నిటినీ దాచటం సాధ్యం కాదు, అవసరమూ లేదు. వివరం దాచటానికి మాత్రం ఖర్చు తక్కువ. పాత బండిగాని, యంత్రంగాని కనపడినపుడు ముందు నాలుగు వైపులనుండి, తరువాత ఛాసిస్ నంబరు, యంత్రం నంబరు దగ్గరగా ఫొటోలు తీయవలెను. మరల కోణం, అతుకుల తీరు, రంగు పొరల వరుస వ్రాసికొనవలెను. పాత రిజిస్ట్రేషను పుస్తకం ఉంటే నకలు తీయవలెను. యంత్రం మార్చినపుడు ఆ మార్పు అందులో నమోదు కావలసినదే. కడుగుట, రంగు వేయుట ఈ పని ముగిసిన తరువాతనే. ఎందుకంటే శుభ్రం చేసే ఉత్సాహంలో అసలు ఆధారం కొట్టుకొనిపోతుంది.

అన్నిటికంటె తొందరగా చేయవలసినది మనుషుల మాట సేకరించటం. డెల్టాలో పాత షెడ్డులలో పనిచేసిన మెకానిక్కులు, బాడీలు కట్టిన వడ్రంగులు, పడవలకు, బియ్యపు మిల్లులకు ఆయిలు ఇంజన్లు బిగించినవారు వృద్ధులైనారు. ఏ భాగాన్ని ఎందుకు మార్చినారో ఇనుము చెప్పదు, వారే చెప్పవలెను. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల, 1983 నుండి వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నవి. తెనాలి, రేపల్లెలలో డిగ్రీ కళాశాలలు కలవు. భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థులు నలుగురైదుగురు కలిసి, ఒక్కొక్కరు ఒక షెడ్డును ఎంచుకొని, సెలవులలో ఈ పని చేయవచ్చు. తుప్పు, మర, సంపీడన నిష్పత్తి పాఠాలు అపుడు పుస్తకంలోనివి కాక చేతిలోనివి అవుతవి.

పాత ఇనుమును తూకంమీద అమ్మే ముందు దానిమీద ఉన్న నంబరును ఒక కాగితంమీద వ్రాసి ఉంచితే, ఆ కాగితమే దానికి కరండంమీది అక్షరం.